మిల్లాయన గడియారం మీది చుక్క

నా చిన్నప్పుడు, మా ఊరి అమ్మవారికి కొత్త విగ్రహం వచ్చిన ఏడాది, మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, వాకిట్లో ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూ ఉండేవాడు. మా జేజి, అంటే నాయనమ్మ, చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరేది, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. మా చిన్నాయన సైకిలెక్కి ఊళ్లోకి పోయేవాడు, వచ్చేవాడు, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ పోయేవాడు. మా నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు కాబట్టి ఆ ఇంట్లో పిల్లనంటే నేనొక్కదాన్నే. ముగ్గురి వెంటా తిరిగి తిరిగి నా కాళ్లకు కూడా ఆ జబ్బే పట్టుకుంది.

మాది ఒకప్పుడు పెద్దిల్లు. జాలి కోసం చెప్పే మాట కాదిది. మా భూములు వ్యాజ్యాల్లో పోయాయి, వాటి వెంట ఎద్దులు, బండ్లు, పనివాళ్లు పోయారు. పోయినవాటి గురించి మా ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. జేజినాయనకు మిగిలిన ధోవతులు తక్కువే అయినా, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేయనిదే ఒక్కటీ కట్టేవాడు కాదు. ఎవరింటికి పోయినా చాప పరిచి కూర్చోమనే దాకా నిలబడే ఉండేవాడు. నిలబడితే వీపు గోడలాగా ఉండేది. నా వీపూ అంతే. నంద్యాల బడిలో పంతులమ్మగా పనిచేసినన్నాళ్లు పిల్లలు నన్ను వెనక నుంచి చూసి కూడా మాటలు ఆపేవాళ్లు.

అన్నీ పోయాక మా ఇంటికి మిగిలింది ఒక అద్దం. ఏటా జాతరలో అమ్మవారికి అలంకారం చేసేటప్పుడు గర్భగుడికి తెర వేస్తారు. అలంకారం ముగిశాక, తెర తీయకముందే, అమ్మవారి ముఖాన్ని మొదట అమ్మవారికే చూపించాలి. ఆమె చూసుకున్న తర్వాతే జనం చూడాలి. ఆ అద్దం పట్టుకొనేది మా ఇంటి పెద్ద. ఎప్పటి నుంచి అంటే ఎవరికీ తెలియదు. ఆ కొద్దిసేపు మా జేజినాయన ముందు పోయిన భూములూ బండ్లూ ఒక లెక్క కాదు.

పాత విగ్రహం ముఖం మీద చీలిక వచ్చింది. చీలిన విగ్రహానికి పూజ చేయకూడదన్నారు. మా ఊరి నుంచి నంద్యాలకు పోయి బియ్యం మిల్లు పెట్టి పైకి వచ్చిన ఒకాయన ఉండేవాడు, ఊళ్లో అందరూ మిల్లాయన అనేవాళ్లు. ఆయన ముందుకొచ్చి గుడి తిరగ కట్టించాడు, ఆళ్లగడ్డ శిల్పులతో కొత్త విగ్రహం చేయించాడు. విగ్రహాన్ని ట్రాక్టరు మీద గడ్డి పరిచి తెచ్చిన రోజు ఊరంతా డప్పులు. ఆ డప్పుల మధ్యనే ఎవరో అన్న మాట మా ఇంటి దాకా వచ్చింది. కొత్త అమ్మవారికి పాత హక్కులెందుకు? గుడి కట్టినాయనే అద్దం చూపిస్తే ఏం?

మిల్లాయన తన నోటితో ఆ మాట అనలేదు. అననక్కర లేదు, ఆయన తరఫున అనేవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్దలు కూర్చొని, ప్రతిష్ఠ రోజుకు మాత్రం మా జేజినాయనే అద్దం పట్టాలని, ఆ తర్వాత పంచాయితీ పెట్టి తేల్చుకుందామని అన్నారు. మా ఇంటి కుదురు పోయింది అందుకే.

ప్రతిష్ఠ రోజు మిల్లాయన తన గుడి ఫొటోలు తీయించుకోవడానికి నంద్యాల నుంచి స్టూడియో ఆయన్ను కారులో తెచ్చుకున్నాడు. కలరు ఫొటోలు అంటే మా ఊళ్లో అప్పుడు పెద్ద విడ్డూరం. తెర వేశాక లోపల పూజారి, అద్దంతో జేజినాయన, హారతి పళ్లెంతో మిల్లాయన, కెమెరాతో స్టూడియో ఆయన మిగిలారు. నేను బయట జనం కాళ్ల సందున నిలబడలేక, కూర్చోలేక, తెర కింది అంచు వైపే చూస్తున్నాను. ఒక్కసారి తెర వెనక మెరుపు మెరిసింది. జనం దండం పెట్టుకున్నారు. తెర తీశారు. జేజినాయన అద్దాన్ని రొమ్ముకు ఆనించుకొని పక్కకు నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో ఏమీ కనపడలేదు. అదే చివరిసారి అనుకుంటున్నాడని మాత్రం నాకు అర్థమైంది.

రీలును కడగడానికి మద్రాసుకు పంపాలి. అది పోయి రావడానికి వారాలు పట్టేది. ఈలోపు పంచాయితీ ఇదిగో అదిగో అంటూ జరుగుతూ పోయింది. చిన్నాయన ఎవరెవరు మా వైపు ఉన్నారో వేళ్ల మీద చెప్పుకొనేవాడు. మడిచిన వేళ్లు మరునాటికి విప్పేవాడు.

చివరకు ఫొటోలు వచ్చాయి. మిల్లాయన మనిషి వాటిని గుడి దగ్గర పంచిపెడుతుంటే ఒక ఫొటో దగ్గర జనం గుంపుకట్టారు. దాని కోసం తోసుకున్నారు. అది చేతులు మారి మారి మా ఇంటికి వచ్చేసరికి అంచులు నలిగాయి. కొత్త అమ్మవారు నల్లగా నిగనిగలాడుతోంది. ఎదురుగా తెల్ల రుమాలు చుట్టుకొని, అద్దం ఎత్తి పట్టుకున్న మా జేజినాయన. అద్దంలో నుంచి ఒక చుక్క పుట్టింది. ఆకాశంలో చుక్కలాంటిది కాదు, ఆరు కిరణాలు కత్తుల్లాగా సాగిన పెద్ద చుక్క. ఒక కిరణం నేరుగా అమ్మవారి నొసటికి తగిలింది. దానికి ఎదురు కిరణం మా జేజినాయన గుండెల మీదికి దిగింది.

ఆ సాయంత్రం మా వాకిలి నిండిపోయింది. ఏళ్ల తరబడి మా గడప తొక్కనివాళ్లు కూడా వచ్చారు.

“చూసినావా అప్పా, అమ్మ గుర్తుపట్టింది! రాయి కొత్తదైనా మనిషిని మర్సిపోలే.”

“ఇంగ పంచాయితీ ఏంది, పాడేంది? ఆయమ్మే తీర్పు చెప్పె గదా.”

“మరి మిల్లాయప్పకు ఈ సంగతి చెప్పినారా?”

“చూసినాడంట. చూసి గమ్మున ఉండిపోయినాడంట.”

చిన్నాయన అందరికీ మంచినీళ్లు అందిస్తూ ఉబ్బిపోతున్నాడు. మా జేజి చేట పక్కన పెట్టి, చాలా రోజుల తర్వాత గోడకు వీపు ఆనించి కూర్చుంది. నేను మాత్రం ఫొటోను దీపం దగ్గర పెట్టుకొని చూస్తున్నాను. కుడివైపు అంచున మిల్లాయన చెయ్యి ఉంది, మోచేతి వరకే. ఆ చేతికి గడియారం. గడియారం అద్దం మీద ఒక చిన్న చుక్క. దానికీ ఆరు కిరణాలే. పెద్ద చుక్క ఎటు వాలి ఉందో, చిన్నదీ అటే వాలి ఉంది. తల్లీపిల్లల్లాగా ఉన్నాయి.

“జేజినాయనా, మిల్లాయప్ప గడియారం మీద గూడా అట్లాంటిదే ఉండాదే?” అన్నాను.

వాకిట్లో ఎవరో నవ్వారు. “అమ్మకు టైము తెలియొద్దా పాపా!” అన్నారు. అందరూ నవ్వి తమ మాటల్లో పడ్డారు. చిన్నాయన వచ్చి ఫొటో నా చేతిలో నుంచి తీసుకున్నాడు. తీసుకుంటూ తన బొటనవేలును సరిగ్గా ఆ గడియారం మీద పెట్టాడు. ఆ తర్వాత ఎవరికి చూపించినా ఆ వేలు అక్కడి నుంచి కదల్లేదు.

జేజినాయన నవ్వలేదు. నన్ను కోప్పడలేదు కూడా. అందరూ పోయాక ఫొటో అడిగి తీసుకొని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. పొద్దున్నే లేచి ధోవతి ఇస్త్రీ చేయించుకున్నాడు. చిన్నాయన చెప్పింది ఒకటే: పంచాయితీలో పెట్టడానికి ఫొటోను పెద్దది చేయించాలి, ఆ కుడి అంచు కత్తిరించేయమని స్టూడియో ఆయనకు చెప్పాలి. జేజినాయన సరేనని గానీ కాదని గానీ అనలేదు. “పాపను పిల్చుకపోతా,” అన్నాడు.

నంద్యాల బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చేతులు మాత్రం ధోవతి అంచును మడుస్తూ, విప్పుతూ ఉన్నాయి. స్టూడియో బస్టాండుకు దగ్గరే. స్టూడియో ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేసి, తుండుతో తుడిచి, టీ తెప్పించాడు.

“ఏం ఫొటో అప్పా అది! మద్రాసోళ్లే మెచ్చుకున్నారు. నా చేతికి ఒక్కసారే అట్లా పడె,” అన్నాడు.

జేజినాయన ఫొటోను బల్ల మీద పెట్టి చుక్క మీద వేలు పెట్టాడు. “ఇది ఎట్లా వచ్చె?”

స్టూడియో ఆయన సంబరంగా లోపలికి పోయి ఒక చిన్న డబ్బీ తెచ్చాడు. అందులో నల్లని రింగు, రింగులో గుండ్రటి అద్దం. ఎదురుగా చూస్తే మామూలు అద్దమే. వాల్చి చూస్తే దాని మీద సూదితో గీసినట్టు సన్నసన్న గీతలు, ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ పోతున్నాయి.

“స్టార్ ఫిల్టరు. మద్రాసులో కొన్యా. దీన్ని కెమెరా ముందర బిగిస్తే, యాడ మెరిసేది ఉంటే ఆడ చుక్క పుడ్తాది. మిల్లాయప్ప ఏమన్నా కొత్తగా తీయమన్నె గదా, బిగిచ్చినా. ఫ్లాష్ పోయి నీ అద్దంలో తగిలె. ఇంగ చూడు!”

నేను అడగకుండానే దాన్ని తీసుకొని కంటికి పెట్టుకున్నాను. స్టూడియో బల్బుకు ఆరు కిరణాలు. కత్తెర కొసకు చుక్క. టీ గ్లాసు అంచుకు చుక్క. తిరిగి చూస్తే మా జేజినాయన కళ్లజోడుకు రెండు చుక్కలు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఆయన ముఖం చూసి ఆపేశాను.

ఆయన చెయ్యి చాచాడు. రింగు కంటికి పెట్టుకొని బల్బు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వేళ్లతో రింగును మెల్లగా తిప్పాడు. చుక్క కూడా తిరిగి ఉండాలి. ఆయన ఆపాడు, వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. అమ్మవారి నొసటికి తగిలిన కిరణం ఆయన వేళ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన రింగు దించి బల్ల మీద పెట్టాడు.

స్టూడియో ఆయనకు ఊరి సంగతి అంతా తెలుసు. గొంతు తగ్గించాడు. “నేను ఎవరికీ చెప్పనప్పా. ఈ పక్క గడియారం కోసేస్తా, పెద్దది చేసిస్తా. నీకు మంచే గదా. నువ్వు అబద్ధం చెప్పలే, నేనూ చెప్పలే. వాళ్లకు వాళ్లే అనుకున్యారు.”

జేజినాయన బయటికి వచ్చాడు. మా బస్సు వచ్చింది. ఎక్కలేదు. బస్టాండులో ఆ కొస దాకా నడిచాడు, తిరిగొచ్చాడు, మళ్లీ నడిచాడు. పక్కన నడవాలంటే నేను పరుగెత్తాల్సి వచ్చింది. ఇంకో బస్సు వచ్చి, కండక్టరు ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ అని అరిచి, తలుపు చరిచి పోయాడు. జేజినాయన అది వినలేదు. ఆ ఒక్కరోజు మాత్రం నేను ఆయన వీపు వంగడం చూశాను. ఒక చోట నిలబడి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని, దూరం నుంచి పరుగెత్తి వచ్చినవాడిలాగా ఊపిరి పీల్చాడు. నాకు భయమేసి నీళ్లు తెస్తానన్నాను. వద్దన్నాడు. తర్వాత నిటారుగా లేచి, వెనక్కి, స్టూడియో వైపు నడిచాడు.

“కోయొద్దు. మొత్తం రావల్ల. గడియారంతో సహా,” అన్నాడు. “ఆ గాజు గూడా పంచాయితీ అయ్యేదాక ఇయ్యి.”

స్టూడియో ఆయన డబ్బీ జేజినాయన చేతిలో పెట్టాడు. “పెండ్లిండ్లు ఉండాయప్పా, బేగా తెచ్చియ్యి,” అని మాత్రం అన్నాడు.

పంచాయితీ గుడి ముందే జరిగింది, దీపాలు పెట్టే వేళకు. పెద్దది చేసిన ఫొటోను చిన్నాయన కండువాలో చుట్టి తెచ్చాడు. కుడి అంచు కత్తిరించలేదని అప్పటికే ఆయన మా జేజినాయనతో మాటలు మానేశాడు. అయినా ఆయన ముఖంలో ఆశ ఉంది. గడియారాన్ని ఎవరు పట్టించుకుంటారు? మిల్లాయన వచ్చి, చేతులు కట్టుకొని ఒక పక్క కూర్చున్నాడు. పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకొని, ఇందులో మాట్లాడుకోవడానికి ఏమీ లేదనీ, ఫొటో అందరం చూశామనీ మొదలుపెట్టాడు.

జేజినాయన లేచాడు. ఫొటోను గుడి మెట్టు మీద అందరికీ కనపడేలా నిలబెట్టాడు.

“అమ్మ నన్ను గుర్తుపట్టిందంటాండారు. సరే. ఈ గడియారాన్ని గూడా గుర్తుపట్టె గదా, దానికేమంటారు?” అన్నాడు. ఆయన నడుముకు చుట్టుకున్న గుడ్డలో నుంచి డబ్బీ తీశాడు. “ఇది కెమెరా ముందర పెట్టేది. చుక్క దీంట్లో ఉండాది. నా చేతిలో లేదు, అమ్మ నొసట్లో లేదు. చూడండి.”

మొదట పెద్దమనిషే చూశాడు. గుడి మీది బల్బు వైపు చూసి, ఒక్కసారి వెనక్కి తగ్గాడు. తర్వాత రింగు చేతులు మారింది. మొదట గంభీరంగా చూశారు, కాసేపటికి ఎగబడ్డారు. పక్కింటి అక్క ముక్కుపుడకకు చుక్క వచ్చిందని ఒకరంటే ఆమె సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకుంది. ఎద్దు కొమ్ముకు తొడిగిన ఇత్తడి కుప్పెకు చుక్క. కుళాయికి చుక్క. ఒక ముసలాయన తన బీడీని తానే దూరంగా పట్టుకొని చూసి, “ఓరి నా సామీ, నా బీడీకి గూడా అమ్మ దిగొచ్చె!” అని అరిచాడు. పంచాయితీ తిరునాళ్ల అయిపోయింది. అందరూ నవ్వుతున్నారు. చిన్నాయన మాత్రం లేచి, సైకిలు కూడా తీసుకోకుండా నడిచి వెళ్లిపోయాడు.

నవ్వులు తగ్గాక మిల్లాయన మెల్లగా లేచాడు. ఆయన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. “నేను ఈ పొద్దు ఎందుకొచ్చినానో తెలుసునాప్పా? ఆ ఫొటో చూసినాక, నాకొద్దు, నీకే ఉండనీ అని చెప్పిపోదామని వచ్చినా. నువ్వు గమ్మున ఉండింటే అయిపోయేది.”

“నాకు తెలుసు,” అన్నాడు జేజినాయన. “అందుకే చెప్పినా.”

ఆ తర్వాత జరిగింది త్వరగా జరిగింది. అమ్మవారి గుర్తు లేదని తేలిపోయింది కాబట్టి, గుడి కట్టినాయనకే అద్దం ఇవ్వడం న్యాయమని పెద్దలు చెప్పారు. మిల్లాయన తల వంచుకొని సరేనన్నాడు. జేజినాయన ఇంటికి వచ్చి, అద్దాన్ని కొత్త గుడ్డలో చుట్టి, తానే తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. మా జేజి చేట తీసుకొని మళ్లీ బియ్యం ముందు కూర్చుంది.

మరుసటి ఏడాది జాతరకు మేం పోమనుకున్నాను. పోయాం. ఇస్త్రీ ధోవతి, తెల్ల రుమాలు, అంతా మామూలే. తెర వేశారు. అంతకు ముందెన్నడూ మా జేజినాయన తెరకు ఇవతల నిలబడింది లేదు. జనం మధ్య ఆయన ఎక్కడ నిలబడాలో నాకే తోచలేదు, ఆయన చెయ్యి పట్టుకొని ఒక కాలి మీద, ఇంకో కాలి మీద నిలబడుతున్నాను. అప్పుడు మా ముందున్నాయన వెనక్కి తిరిగి చూసి పక్కకు జరిగాడు. ఆయన ముందున్నవాళ్లు జరిగారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గడప దాకా సన్నని దారి ఏర్పడింది. జేజినాయన ఆ దారి వైపు చూశాడు. అడుగు వేయలేదు. తెర తీసినప్పుడు, ఉన్నచోటనే నిలబడి, అందరితో పాటు చేతులెత్తాడు. ఆ దారి అట్లాగే ఖాళీగా ఉండిపోయింది.

ఏడాది పాటు అడగకుండా దాచుకున్న మాటను తిరిగొచ్చేటప్పుడు అడిగేశాను. “అంతా మనదే అయితాంటే ఎందుకు చెప్పినావ్ జేజినాయనా?”

ఆయన నడక ఆపలేదు. నా కోసం కొంచెం తగ్గించాడు, అంతే. “నా తర్వాత ఆ అద్దం నీ చేతికి ఇయ్యాల్సింది పాపా. ఇచ్చేటప్పుడు ఏం చెప్పి ఇయ్యాల?”

ఆడపిల్ల చేతికి అద్దం ఇచ్చే ఆలోచన మా ఊళ్లో ఎవరికీ ఉండి ఉండదు. ఆయనకు ఉందని నాకూ ఆ రోజే తెలిసింది. అప్పుడు నాకు దాని విలువ తెలియక, చేతికి రానిది ఎవరిదైతేనేం అని ఏడ్చాను. చాలా ఏళ్లు ఆయన మీద కోపంగానే ఉన్నాను. కొన్ని రోజుల్లో ఇప్పటికీ, నోరు మూసుకొని ఉంటే ఏం పోయేదని మనసు పీకుతుంది. అప్పుడు లేచి నా ఇంటి వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తాను.

ఇప్పుడు ఆ చుక్క కోసం మద్రాసు పోనక్కర లేదు. మా అక్కచెల్లెళ్ల వరస పిల్లలు ఫోను మీద వేలితో తడితే ముఖాలకూ, పాయసం గిన్నెలకూ కూడా చుక్కలు పుడుతున్నాయి. వాళ్లు చూపిస్తే బాగుందనే అంటాను, బాగానే ఉంటుంది కాబట్టి.

మా జేజినాయన నుంచి నాకు భూమి రాలేదు, ఇల్లు రాలేదు, అద్దమూ రాలేదు. ఆ ప్రశ్న వచ్చింది. నేను పిల్లలకు ఇవ్వాల్సింది ఏది ఉన్నా, ఒక మాట అయినా సరే, ఇచ్చే ముందు దాని గురించి ఏం చెప్పి ఇవ్వగలనో నాకు నేను చెప్పుకొని చూసుకుంటాను. చెప్పలేకపోతే ఇవ్వను.